ముగ్గురు నాయకులు – మూడు స్వభావములు

ఒకే కష్టము పదిమందికి ఎదురైనపుడు పదిమందియు ఒకేవిధముగ ప్రవర్తింపరు. ఊరిలో ఒక ఇల్లు అంటుకొన్నదని వినగనే ఒకడు కడవతో బావికడకు పరుగెత్తును. ఒకడు లోపల ఎవరైన చిక్కుకొని యున్నారేమోయని విచారించును. ఒకడు గాలి ఎటు వీచుచున్నదో చూచి పొరుగింటి కప్పుపై నీళ్లు చల్లించును. వేరొకడు ఏమియు తోచక నిలువబడిపోవును. వీరిలో ఒకడు తెలివిగలవాడనియు, వేరొకడు తెలివితక్కువవాడనియు చెప్పి ఊరకుండుట చాలదు. చదువులోను, అనుభవములోను సమానులైనవారు సైతము ఆపద వచ్చినపుడు వేర్వేరు త్రోవలు త్రొక్కుదురు. ఎవరి స్వభావము వారిని నడపించును.

ఈ సత్యమును మన పెద్దలు పూర్వమే గుర్తించిరి. మూడు చేపల కథ తెలుగు బాలబాలికలు ఎరుగనిది కాదు. జాలరులు రానున్నారని వినినంతనే అనాగతవిధాత మరియొక మడుగునకు తరలిపోయెను. ప్రత్యుత్పన్నమతి వలలో చిక్కిన పిదప చచ్చినట్లు నటించి ప్రాణములు దక్కించుకొనెను. కానున్నది కాకమానదని కూర్చున్న యద్భవిష్యుడు నశించెను. రాబోవుదానిని ముందే ఊహించువాడొకడు, వచ్చినదానిని అప్పటికప్పుడు ఎదుర్కొనువాడొకడు, ఏమియు చేయనివాడొకడు. ఈ విభాగము చక్కగనే యున్నది. కాని మనుష్యులు ఆ చేపలవలె ఒక్కొక్క గుణమునకే కట్టుబడినవారు కారు. నేటి మనశ్శాస్త్రజ్ఞులలో పెక్కురు మనుష్యులను గిరిగీసి వేరుచేయరు; దూరదృష్టి, సాహసము, సహనము, ఇతరులతో కలసిపోవు గుణము మొదలగునవి అందరియందును హెచ్చుతగ్గులుగ నుండునని చెప్పుదురు. ఒకనియందు ఏ గుణము హెచ్చుగ నున్నదో అది అతని నిర్ణయములలో కానవచ్చును.

ఇరువదవ శతాబ్ది ఆరంభమున ముగ్గురు నాయకులు భూమిపై మిక్కిలి కఠినమైన ప్రదేశమునకు పోయిరి. ముగ్గురును ధైర్యవంతులే. ముగ్గురి ముందును దాదాపు ఒకే సమస్య నిలచినది. అయినను వారు దానిని పరిష్కరింపబూనిన విధములు మూడు.

భూగోళమునకు దక్షిణపు కొనయందు అంటార్కిటికా ఖండము కలదు. అందు నూటికి తొంబదియెనిమిది పాళ్లు మంచుతో కప్పబడి యున్నది. దక్షిణధ్రువము సముద్రమట్టమునకు సుమారు 2,800 మీటర్ల ఎత్తున గల మంచుపీఠభూమిపై నున్నది. అక్కడ ఆరునెలలు పగలు, ఆరునెలలు రాత్రి. సముద్రతీరమునుండి ధ్రువమునకు పోయి తిరిగివచ్చుటకు ఆ దినములలో రెండువేల ఐదువందల కిలోమీటర్లకు పైగా నడువవలసియుండెను. పీఠభూమిపై తినుటకు గడ్డిపరకయైన దొరకదు. ఆహారము మోసికొనిపోవలెను, మోయుటకు బలము కావలెను, బలమునకు మరల ఆహారము కావలెను. ఎంత ఎక్కువ మోసిన అంత ఎక్కువ తినవలసివచ్చును. ఈ లెక్క కుదిరినవాడు తిరిగివచ్చును. లెక్క తప్పినవాడు మంచులో నిలచిపోవును.

ఈ లెక్కను మిక్కిలి జాగ్రత్తగ వేసినవాడు రొఆల్డ్ అమండ్సెన్. ఇతడు 1872లో నార్వేదేశమున జన్మించెను. 1903 మొదలు 1906 వరకు ఉత్తర అమెరికాకు ఉత్తరముననున్న మంచుసముద్రములగుండ ‘గ్యోఆ’ అను చిన్న ఓడలో ప్రయాణము చేసెను. ఆ ప్రయాణములో రెండు శీతకాలములు ఒక్కచోటనే నిలచి, ఆ ప్రాంతపు ఇన్యుయిట్ జనులకు శిష్యుడైనాడు. తోలుదుస్తులను వదులుగ ధరించుట, కుక్కలచేత స్లెడ్జి అనబడు చక్రములులేని మంచుబండిని లాగించుట వారివద్దనే నేర్చుకొనెను. నాగరికులమనుకొను ఐరోపావారిలో పలువురు అట్టి జనులవద్ద నేర్వవలసినది లేదని తలచుచుండిన కాలమది. మంచును ఎరిగినవాడే మంచునకు గురువని అమండ్సెన్ గ్రహించెను.

అతని స్వభావము ముందుచూపు గలది. 1911 జనవరిలో అతడు అంటార్కిటికా తీరమున దిగి ఇల్లు కట్టెను. శీతకాలపు చీకటి రాకముందే 80, 81, 82 డిగ్రీల అక్షాంశములవద్ద ఆహారపు నిల్వలు ఉంచెను. తుపానులో వాటిని కానలేకపోయిన ఏమగును? ఈ ప్రశ్న ముందే వేసికొని, నిల్వకు తూర్పుపడమరలుగ చాలదూరమువరకు జెండాలు వరుసగ పాతించెను. త్రోవతప్పి పక్కకు పోయినవాడును ఏదో ఒక జెండాను చూచి నిల్వను చేరగలడు. చీకటినెలలలో అతని అనుచరులు ఊరక కూర్చుండలేదు. ఒకడు స్లెడ్జిలను చిత్రికపట్టి వాటి బరువును సగముకంటె తక్కువకు దించెను. కిరసనాయిలు చలికి డబ్బాల మూతలనుండి ఆవిరియై పోవునని ఎరిగి ఆ డబ్బాలకు గట్టిగ టంకము వేయించిరి.

1911 అక్టోబరు మూడవవారమున ఐదుగురు మనుష్యులు, నాలుగు స్లెడ్జిలు, ఏబదిరెండు కుక్కలు బయలుదేరెను. వాతావరణము బాగున్నను అమండ్సెన్ దినమునకు ఇంత దూరమని నియమించుకొని, అది ముగియగనే ఆగి కుక్కలకు, మనుష్యులకు విశ్రాంతి యిచ్చుచుండెను. పర్వతములెక్కి పీఠభూమి చేరిన పిదప ఇరువదినాలుగు కుక్కలను చంపి, వాటి మాంసమును మిగిలిన కుక్కలకును, తమకును ఆహారముగ చేసిరి. ఇది బయలుదేరకముందే లెక్కలో చేర్చిన సంగతి. వినుటకు కష్టముగ నున్నను, దాచిపెట్టదగినది కాదు. ఆ విజయమునకు చెల్లించిన వెల అది. 1911 డిసెంబరు 14వ తేదీన వారు ధ్రువమును చేరిరి. 1912 జనవరి చివరివారమున ఐదుగురును క్షేమముగ తిరిగివచ్చిరి. వారితో తిరిగివచ్చిన కుక్కలు పదునొకండు మాత్రమే.

ఇంతటి దూరదర్శికిని పొరపాట్లు లేకపోలేదు. ఆంగ్లేయులు తనకంటె ముందు పోవుదురేమోయను ఆతురతచే 1911 సెప్టెంబరులోనే ఒకసారి బయలుదేరెను. చలి భరింపరానిదైనందున వెనుదిరుగవలసివచ్చినది. ఆ తిరుగుప్రయాణములో వెనుకబడిన వారికొరకు ఆగక అతడు ముందుకు సాగిపోయెను. వారిలో ఒకని ప్రాణము సహచరుడైన జొహాన్సన్ పూనికవలన దక్కినది. జొహాన్సన్ అందరియెదుట నాయకుని తప్పుపట్టగా, అమండ్సెన్ అతనిని ధ్రువయాత్రనుండి తప్పించెను. లెక్కలయందు నేర్పరియైనవాడు తన తప్పును చెప్పినవానిని మాత్రము సహింపలేకపోయెను.

రెండవవాడు రాబర్ట్ ఫాల్కన్ స్కాట్. ఇతడు 1868లో ఇంగ్లండున జన్మించి, చిన్ననాటనే నౌకాదళమున చేరెను. కర్తవ్యదీక్ష, ఆత్మగౌరవము, విజ్ఞానమునందు ఆసక్తి, మూగజీవులయందు జాలి ఇతని గుణములు. లోలోపల తర్కించుకొని, తన నిర్ణయమును తుదివరకు తనలోనే యుంచుకొనుట ఇతని అలవాటు. 1902లో దక్షిణమునకు పోయినపుడు కుక్కలకు తగిన ఆహారము లేక అవి ఒక్కొక్కటిగ చచ్చిపోయెను. ఆ దృశ్యము స్కాట్ మనస్సును మిక్కిలి నొప్పించినది. కుక్కలను నడుపు విద్య తనవారికి చాలదని తలచుటకు మారుగ, కుక్కలే నమ్మదగినవి కావని అతనికి తోచెను. ఒక్క చేదు అనుభవమునుండి మనస్సు తీసికొను పాఠము సరియైనదే కావలయునని లేదు.

1910లో బయలుదేరిన రెండవయాత్రకు అతడు ఒక్క సాధనమును నమ్మక నాలుగింటిని కూర్చుకొనెను: మోటారు స్లెడ్జిలు, పొట్టిగుఱ్ఱములు, కుక్కలు, మనుష్యుల భుజబలము. ఒకటి తప్పిన వేరొకటి ఆదుకొనునని అతని ఆలోచన. అది మొదట వివేకముగనే కనుపించును. కాని నాలుగు సాధనముల వేగము, ఆహారము, అవసరములు నాలుగు విధములు. మూడు మోటారులలో ఒకటి ఓడనుండి దింపునపుడే మంచు విరిగి సముద్రములో మునిగెను. మిగిలినవి త్రోవలో చెడిపోయెను. గుఱ్ఱములు చలికి తాళలేకపోయెను.

1911 ఫిబ్రవరిలో ఒక నిర్ణయము చేయవలసివచ్చినది. ముఖ్యమైన ఆహారపు నిల్వను 80వ డిగ్రీవద్ద ఉంచవలెనని ముందు సంకల్పించిరి. గుఱ్ఱములు నీరసించినవి. వాటిని ముందుకు తోలి, పడిపోయినవానిని చంపియైనను నిల్వను అనుకొన్నచోటనే ఉంచుట మేలని గుఱ్ఱముల సంగతి ఎరిగిన కాప్టెన్ ఓట్స్ సలహా యిచ్చెను. స్కాట్ ఆ మూగజీవుల బాధను చూడలేక, ఏబది కిలోమీటర్లకు పైగా ఇవతలనే నిల్వను ఉంచి తిరిగివచ్చెను. దయతో చేసిన పనియే అది. దాని ఫలము ఏడాది తరువాత గాని తెలియలేదు.

1912 జనవరి ఆరంభమున మరియొక నిర్ణయము. ఆహారము, గుడారము, పొయ్యి అన్నియు నలుగురికి సరిపడునట్లు ఏర్పరచబడి యుండెను. తుదిదశలో స్కాట్ నలుగురికి బదులు ఐదుగురిని ధ్రువమునకు తీసికొనిపోయెను. ఐదవవాడుగ చేరిన బవర్స్ తన స్కీలను అంతకుముందే వెనుక వదలివచ్చెను. ఇతరులు స్కీలపై పోవుచుండగ అతడు మంచులో కాలినడకన పోవలసివచ్చెను. జనవరి 17వ తేదీన వారు ధ్రువము చేరునప్పటికి అక్కడ నార్వేజెండా ఎగురుచుండెను.

తిరుగుప్రయాణము మిక్కిలి దుఃఖకరమైనది. ఐదుగురిలో ఎడ్గర్ ఎవాన్స్ ఫిబ్రవరి 17వ తేదీన మరణించెను. నిల్వలలో కిరసనాయిలు తరిగిపోయి యుండెను. ఆ ఏటి మార్చినెలలో అక్కడ వాడుకకంటె తీవ్రమైన చలి యుండెనని తరువాతి వాతావరణ పరిశోధనలు తేల్చినవి. కావున దోషమంతయు నాయకునిదే యనుట న్యాయము కాదు. పాదములు చెడి నడువలేకపోయిన ఓట్స్, తనకొరకు ఇతరులు ఆగి నశింపకూడదని తలచి తుపానులోనికి నడచిపోయెను. స్కాట్, విల్సన్, బవర్స్ అను ముగ్గురు తమ తుదిగుడారములో మరణించిరి. స్కాట్ దినచర్యలోని కడపటి పుట 1912 మార్చి 29వ తేదీది. ఆ గుడారమునకు పెద్దనిల్వ సుమారు ఇరువది కిలోమీటర్ల దూరమున నుండెను. ఆ నిల్వను మొదట అనుకొన్నచోటనే ఉంచియుండిన యెడల వారు దానిని అప్పటికే దాటియుందురు.

ఆ గుడారమున దొరకిన వస్తువులలో సుమారు పదునారు కిలోగ్రాముల రాళ్లు కలవు. కాళ్లీడ్చుకొనుచు నడచుచున్నను వారు వాటిని పారవేయలేదు. ఆ రాళ్లలో గ్లాసాప్టెరిస్ అను ప్రాచీనవృక్షపు ఆకుల ముద్రలు కలవు. అట్టి ముద్రలే మన గోదావరిలోయ బొగ్గుపొరలలో కూడ దొరకును. ఒకప్పుడు భారతదేశము, అంటార్కిటికా ఒకే మహాఖండములో కలసియుండెనని నిరూపించుటకు ఆ రాళ్లు ఒక సాక్ష్యమైనవి. స్కాట్ ధ్రువమును గెలుచుటకు మాత్రమే పోలేదు, తెలిసికొనుటకు పోయెను. అతని స్వభావమునందలి బలమును, బలహీనతయు రెండును ఆ రాళ్లమూటలో కలవు.

మూడవవాడు ఎర్నెస్ట్ షాకిల్టన్. 1874లో ఐర్లండున జన్మించెను. మాటకారి, ఆశావాది, మనుష్యుల మనస్సు ఎరిగినవాడు. స్కాట్ కంటె మూడేండ్లు ముందు, 1909 జనవరి 9వ తేదీన, ఇతడు ముగ్గురు సహచరులతో ధ్రువమునకు ఇంక 180 కిలోమీటర్ల దూరమువరకు పోయెను. అంతకుముందు ఎవ్వరును అంతదూరము పోలేదు. మరికొన్ని దినములు నడచిన ధ్రువము అందును. కాని తిరిగివచ్చుటకు ఆహారము చాలదు. షాకిల్టన్ అక్కడనే వెనుదిరిగెను. ఇంటికి వచ్చిన పిదప భార్యతో, చచ్చిన సింహముకంటె బ్రతికియున్న గాడిద మేలుకదాయని నవ్వుచు చెప్పెను. గమ్యము కంటికి కనుపించుచుండగ ఆగగలుగుట సామాన్యమైన ధైర్యము కాదు.

అయితే ముందుచూపు ఇతని ముఖ్యగుణము కాదు. 1914లో అంటార్కిటికాఖండమును ఒక తీరమునుండి రెండవ తీరమునకు దాటవలెనని ‘ఎండ్యూరెన్స్’ అను ఓడలో బయలుదేరెను. ఆ యేడు సముద్రమున మంచు మిక్కుటముగ నున్నదని దక్షిణజార్జియా ద్వీపమున తిమింగిలముల వేటగాండ్రు హెచ్చరించిరి. ఒక నెల ఆగి, పిమ్మట సాగిపోయెను. 1915 జనవరిలో ఓడ మంచులో బిగుసుకొనిపోయెను. అక్టోబరులో మంచు ఒత్తిడికి విరుగనారంభింపగ దానిని విడిచిరి. నవంబరు 21వ తేదీన అది మునిగిపోయెను. ఇరువదియెనిమిది మంది మనుష్యులు సముద్రముపై తేలుచున్న మంచుగడ్డపై నిలచిరి.

షాకిల్టన్ స్వభావపు గొప్పదనము ఇక్కడ వెల్లడియైనది. ఖండమును దాటవలెనను పాత సంకల్పమును అతడు ఒక్క క్షణమున వదలిపెట్టెను. అందరిని సజీవముగ ఇంటికి చేర్చుటయే క్రొత్త సంకల్పము. పడవలను ఈడ్చుకొనుచు నడచి నేలను చేరుదమనెను. మూడు దినములు శ్రమించినను మూడు నాలుగు కిలోమీటర్లకు మించి పోలేకపోయిరి. వెంటనే ఆ ఆలోచన మాని, మంచు తమను మోసికొనిపోవువరకు వేచియుందమని నిశ్చయించెను. తన మాట పోవునని పట్టుపట్టలేదు.

ప్రతివాడును సొంతవస్తువులు ఒక కిలోగ్రామునకు మించి ఉంచుకొనరాదని ఆజ్ఞాపించి, మొదట తన బంగారునాణెములనే మంచుపై పారవైచెను. కాని ఒకని వాద్యమైన బాంజోను మాత్రము విడువనీయలేదు. మనస్సు క్రుంగిపోయిన వారికి అదియొక ఔషధమని చెప్పెను. సణగువారిని దూరముగ ఉంచుటకు మారుగ తనవద్దనే ఉంచుకొనెను. లోగడ తన ఆజ్ఞను ధిక్కరించిన వడ్రంగిని, అతని నైపుణ్యమును ఎరిగి, తుదిపడవప్రయాణమునకు వెంటతీసికొనిపోయెను. తనను ఎదిరించిన వానియెడల అమండ్సెన్ చేసినదానికిని, షాకిల్టన్ చేసినదానికిని ఉన్న భేదమును విద్యార్థులు గమనింపవలెను.

1916 ఏప్రిలులో వారు మూడు పడవలలో ఏనుగుద్వీపమను నిర్జనప్రదేశమును చేరిరి. అక్కడినుండి షాకిల్టన్ ఐదుగురితో ఏడుమీటర్ల పొడవైనను లేని పడవలో 1,300 కిలోమీటర్ల భయంకరసముద్రమును పదునారు దినములలో దాటి దక్షిణజార్జియాను చేరెను. మరి ఇద్దరితో మంచుకొండలు దాటి తిమింగిలవేటగాండ్ర ఊరికి పోయి సహాయము కోరెను. మూడుసార్లు ఓడలు మంచును దాటలేక వెనుదిరిగినను విడువక, నాలుగవసారి, 1916 ఆగష్టు 30వ తేదీన, చిలీదేశపు చిన్న ఓడలో పోయి ద్వీపముననున్న ఇరువదియిద్దరిని రక్షించెను. అతనితో కలిపి ఇరువదియెనిమిది మందిలో ఒక్కడైనను మరణింపలేదు. అయితే ఖండపు ఆవలి తీరమున అతనికొరకు నిల్వలు ఉంచుటకు పోయిన వేరొక జట్టులో ముగ్గురు ప్రాణములు కోల్పోయిరి. ఈ నష్టమును కూడ లెక్కలో చేర్చవలెను. మునిగిన ఎండ్యూరెన్స్ ఓడ 2022 మార్చిలో మూడువేల మీటర్ల లోతున కనుగొనబడినది.

ఈ ముగ్గురిలో ఎవరు గొప్పవారు? ఈ ప్రశ్న అడుగుట సులభమేగాని అంతగ ఉపయోగకరము కాదు. ఏ స్వభావము ఎక్కడ రక్షించినది, ఎక్కడ చెరచినది అని అడుగుట మేలు. అమండ్సెన్ ప్రయాణమునకు ముందే సమస్యను పరిష్కరించెను. కాని మనుష్యుల మనస్సులను గణితమువలె కూడికలు తీసివేతలు చేయలేకపోయెను. స్కాట్ తన ఆదర్శములకు లోబడి నిర్ణయించెను. కాని తనకంటె ఎక్కువ ఎరిగినవాని సలహాను దయకు లోబడి త్రోసిపుచ్చెను. షాకిల్టన్ ఆపదలో మెరుపువలె ఆలోచించెను. కాని ఆ ఆపద రాకుండ చేయు హెచ్చరికను ఆశకు లోబడి లెక్కచేయలేదు.

మనుష్యుని ఒక్క పేరుతో పిలిచి ముగించుటకు వీలులేదనుటకు మరియొక నిదర్శనము కలదు. 1928లో ఉత్తరధ్రువప్రాంతమున నోబిలే అను ఇటలీదేశస్థుని ఆకాశనౌక కూలిపోయెను. నోబిలేకును అమండ్సెన్‌కును అంతకుముందు తీవ్రమైన కలహము జరిగి యుండెను. అయినను ఆ వార్త వినగనే, దేనిని లెక్కవేయక కదలని ఆ మనుష్యుడు, అతనిని వెదకుటకు విమానములో బయలుదేరి, మరల తిరిగిరాలేదు.

తన స్వభావమును ఎవడును పూర్తిగ మార్చుకొనలేడు. కాని దానిని ఎరిగియుండవచ్చును. తొందరపడువాడు నిర్ణయమునకు ముందు, ఇది తప్పిపోయిన ఏమి చేయుదునని ఒక్క ప్రశ్న వేసికొనవలెను. అతిగ ఆలోచించువాడు ఆలోచనకు ఒక గడువు పెట్టుకొనవలెను. జాలిగుండెవాడు నేటి బాధతోపాటు రేపటి బాధనుకూడ తూచవలెను. ధైర్యశాలి వెనుదిరుగుచోటును బయలుదేరకముందే నిర్ణయించుకొనవలెను. అన్నిటికంటె ముఖ్యముగ, తనవంటివానితో మాత్రమే ఆలోచింపక, తనకు భిన్నమైన స్వభావము గలవాని మాటను ఓపికతో వినవలెను. తనకు కనుపింపని గుంట అతనికి కనుపింపవచ్చును.

ప్రశ్నలు

1. మూడు చేపల స్వభావములకును, ఈ పాఠములోని నాయకుల స్వభావములకును గల పోలికలను, భేదములను తెలుపుము.
2. ఆహారపు నిల్వల విషయమున అమండ్సెన్, స్కాట్ తీసికొన్న జాగ్రత్తలను సరిపోల్చుము.
3. స్కాట్ జాలితో చేసిన నిర్ణయమేది? నీవు ఆ స్థానమున నున్న ఏమి చేసియుందువు? కారణములు వ్రాయుము.
4. “గమ్యము కంటికి కనుపించుచుండగ ఆగగలుగుట సామాన్యమైన ధైర్యము కాదు.” ఈ వాక్యమును సందర్భముతో వివరింపుము.
5. తనను ఎదిరించినవారియెడల ఇద్దరు నాయకులు ప్రవర్తించిన విధములను గూర్చి చర్చింపుము.